ఇంజను మా గట్టున, హ్యాండిల్ వాళ్లింట్లో

నా చిన్నప్పుడు మాకు నాలుగెకరాల మాగాణి ఉండేది. చల్లపల్లి దాటి సముద్రం వైపు పోతే వచ్చే కాలువ చివరి ఊళ్లలో మాదొకటి. కూలికి పోయే ఇల్లు కాదు, కూలీలను పెట్టుకునే ఇల్లూ కాదు. ఆ మధ్యన బతికేవాళ్ల కష్టం వేరు. మామూలు రోజుల్లో పెద్దవాళ్లకు మనం కనపడం. వాళ్లలో వాళ్లకు తగువొచ్చినప్పుడు మాత్రం ఇద్దరికీ గుర్తొస్తాం.

ఇప్పుడు ఇదెందుకు రాస్తున్నానంటే, మా మనవరాలు విజయవాడలో ఏదో పెద్ద పోటీ పరీక్షకు చదువుతోంది. మొన్న వన్ టౌన్‌లో మా ఇంట్లో నేను కందిపప్పు ఏరుతుంటే, పక్కన కూర్చుని పుస్తకం పైకి చదువుతోంది. అటొక పెద్ద దేశం, ఇటొక పెద్ద దేశం, మధ్యలో మనలాంటి దేశం ఎవరి పక్కన నిలబడాలి? యుద్ధ విమానాలు ఎవరి దగ్గర కొనాలి? ఒకరి దగ్గర చమురు కొంటే ఇంకొకరు సుంకం వేస్తామంటే ఏం చేయాలి? నేను పప్పు ఏరడం ఆపి వింటుంటే, "నీకిదంతా ఏం అర్థమవుతుందిలే నానమ్మా" అంది. నిజమే, నాలుగో తరగతి దాటనిదాన్ని. కానీ ఆ నాలుగో తరగతి ఎందుకు ఆగిపోయిందో నాకు బాగా తెలుసు. అది ఆగిందే ఆ ప్రశ్న మీద.

మా చేనుకు నీళ్లు పై చేను మీదుగా రావాలి. మురుగు కింద చేను మీదుగా పోవాలి. పై చేను ఒక పెద్ద ఆసామిది, కింద చేను ఇంకో పెద్ద ఆసామిది. పైఆయనకు కోపమొస్తే మా చేను ఎండుతుంది, కిందాయనకు కోపమొస్తే మునుగుతుంది. అందుకని మా నాన్న ఇద్దరికీ 'అండీ' అంటూనే బతికాడు. పండగకు మా ఇంట్లో అరిసెలు వండితే మా నాయనమ్మ రెండు గిన్నెల్లో సమానంగా పెట్టి, ఒకే పూట రెండిళ్లకూ పంపేది. ముందు ఏ ఇంటికి వెళ్లాలో కూడా ఒక్కో ఏడు మార్చేది. అప్పుడు నాకది చాదస్తంలా ఉండేది.

ఆ ఏడు ఆ ఇద్దరికీ కాలువ గట్టు దగ్గర తగువొచ్చింది. గట్టు తవ్వి తన చేలో కలుపుకున్నాడని పైఆయన అంటాడు, నా గట్టే నేను బాగుచేసుకున్నానని కిందాయన అంటాడు. సరిగ్గా అప్పుడే, నాట్లయిన వారానికి, పైఆయన మాకొక ఆయిలింజను పంపాడు. ఊరికే. బాడుగ లేదు. నీళ్లు తక్కువైతే కాలువలోంచి తోడుకోండి, ఎక్కువైతే బయటికి తోడుకోండి, పంటయ్యేదాకా మీ గట్టునే ఉంచుకోండి అని కబురు. డీజిలు మాత్రం మేము పోసుకోవాలి.

బండి మీద నుంచి దాన్ని దించుతుంటే ఊళ్లో సగంమంది వచ్చి చూశారు. మా నాన్న కండువాతో దాని దుమ్ము తుడిచాడు. మా నాయనమ్మ ఒక్కతే దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి అడిగింది.

"దీన్ని దేంతో తిప్పుతార్రా?"

"హ్యాండిల్‌తో అమ్మా."

"అదేదీ?"

"ఆయనింట్లో ఉంటుంది. కావాల్సినప్పుడు వచ్చి పట్టుకెళ్లమన్నారు. ఇక్కడుంటే ఎవరన్నా ఎత్తుకుపోతారట."

"ఇంత ఇంజను ఎత్తుకుపోరు గానీ, ఆ కడ్డీ ఎత్తుకుపోతారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. "పెట్టే చేతిని కూడా అనుమానిస్తావమ్మా నువ్వు" అన్నాడు.

హ్యాండిల్ తెచ్చే పని నాది. వంకరగా, నల్లగా, నా చెయ్యంత పొడుగు ఇనప కడ్డీ. భుజాన వేసుకుని తెచ్చేదాన్ని, పని కాగానే తిరిగి ఇచ్చొచ్చేదాన్ని. నాకా పని ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు. ఆ ఇంటామె నా చేతిలో బెల్లం ముక్క పెట్టేది. ఆసామి అరుగు మీద కూర్చుని మెల్లగా అడిగేవాడు, "ఏమ్మా, కింద చేను ఆయన మీ నాన్నతో ఏమన్నా మాట్లాడాడా? గట్టు మీదికి ఎవరెవరు వస్తున్నారు?" నేను చూసిందీ విన్నదీ అన్నీ చెప్పేదాన్ని. ఆ బెల్లం ముక్క ఎందుకు పెట్టేవారో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

ఇంకోటి కూడా జరిగింది. మా ఇంట్లో నీళ్లు తోడే గూడ ఒకటుండేది. గూడంటే నాలుగు తాళ్లు కట్టిన బుట్ట. ఇద్దరు చెరో పక్క నిలబడి, రెండేసి తాళ్లు పట్టుకుని ఊపుతూ, నీళ్లు ముంచి గట్టు అవతలికి విసురుతారు. నడుము విరిగే పని. ఇంజనొచ్చింది కదా అని దాన్ని పశువుల కొట్టంలో పడేశారు. తాళ్లు తీసి మా నాన్న దూడకు కట్టాడు. బుట్టను ఎలుకలు కొరికాయి. ఎవరూ పట్టించుకోలేదు. నాయనమ్మ కూడా పట్టించుకోలేదు, ఆ మాట తర్వాత తనే ఒప్పుకుంది.

చేను పొట్ట మీద, ఇంకా వెన్ను తీయకుండా ఉండగా తుఫాను పట్టింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడోరోజు పొద్దున చూస్తే గట్లు కనపడడం లేదు. నీళ్లు కిందికి పోవాలి, పోవడం లేదు. మా నాన్న గొడుగు కూడా లేకుండా పరిగెత్తి వెళ్లి చూస్తే, కిందాయన మురుగుకు అడ్డుకట్ట వేసి, దాని మీద ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టాడు.

నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయనింటికి పోయింది. ఆయన మమ్మల్ని లోపలికి రమ్మనలేదు, తిట్టనూ లేదు.

"నీ మీద నాకేం లేదు పెద్దమ్మా. మీ గట్టు మీద వాళ్ల ఇంజను కూర్చుంది. నా ఇంటి ముచ్చట్లన్నీ వాళ్ల అరుగు మీదికి పోతున్నాయి. ఇంకా నేను మీ మురుగు మోయాలా?"

ముచ్చట్లు అన్నప్పుడు ఆయన నా వైపు చూశాడు. నాయనమ్మ కూడా చూసింది. నేను తల దించుకున్నాను.

ఇక మిగిలింది ఇంజను. దాంతో నీళ్లను బండ్ల బాట అవతలి పల్లపు బీడులోకి ఎత్తిపోయొచ్చు. మా నాన్న నన్ను హ్యాండిల్ కోసం తరిమాడు. నేను తడుస్తూ వెళ్లాను. ఆ కడ్డీ ఎప్పటిలాగే గోడకు మేకున వేలాడుతోంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆసామి ఎప్పటిలాగే మెల్లగానే మాట్లాడాడు.

"మీ నాన్నను రమ్మను తల్లీ. చిన్న కాగితం ఉంది, సంతకం పెట్టి పట్టుకెళ్లమను."

ఆ కాగితంలో ఏముందో ఊరందరికీ తెలుసు. కిందాయన కాలువ గట్టు తవ్వుతుంటే కళ్లారా చూశానని సాక్ష్యం. మా నాన్న చూడలేదు. ఆ రోజు బెల్లం పెట్టలేదు.

నేనొచ్చి చెప్పగానే మా నాన్న చొక్కా తొడుక్కున్నాడు. నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అబద్ధపు సాక్ష్యం పాపమని నేను చెప్పను. అది పాస్టరుగారు చెప్తారు. నేను చేను సంగతి చెప్తాను. సంతకం పెడితే ఇవాళ ఇంజను తిరుగుతుంది. కానీ ఆ కాగితం కోర్టుకెక్కాక కిందాయన మన మురుగు బతికుండగా వదలడు. ఇక ప్రతి వానకీ ఆ కడ్డీ కోసం పోవాల్సిందే. పోయినప్పుడల్లా ఆయన ఇంకో కాగితం తీస్తాడు."

"మరి పంటమ్మా? పంతానికి పోతే ఏడాది పొడుగునా ఏం తింటాం?"

"సగం తింటాం."

"సగమన్నా మిగులుతుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు" అంది నాయనమ్మ.

మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తోంది. మా నాన్న చివరికి చొక్కా విప్పి దండెం మీద పడేశాడు.

అప్పుడు నాయనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని గట్టు దాకా తీసుకెళ్లింది. ముచ్చట్లు మోసినందుకు కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మోకాళ్ల లోతు నీళ్లలో నా ఎదురుగా నిలబడి, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"చేను పోతే మీ అమ్మ కూలికి పోవాలి. గేదెను నువ్వు మేపాలి, కలుపుకు నువ్వు రావాలి. నీ బడి ఆగిపోతుంది. నీకు ముందే చెప్తున్నాను. తర్వాత నన్ను తిట్టుకో, పడతాను. కానీ తెలియక చేశానని మాత్రం అనుకోకు."

చల్లపల్లి హైస్కూలుకు పంపించదగ్గ పిల్లనని మా పంతులమ్మ మా నాన్నతో చెప్పి అప్పటికి నెల కూడా కాలేదు. వద్దని అనొచ్చని కూడా నాకప్పుడు తెలియదు.

ఆ రోజే నాయనమ్మ ఇంజనును బండెక్కించింది. ఎక్కించే ముందు ట్యాంకు కింద డబ్బా పెట్టి డీజిలంతా వంపించింది. "ఇంజను వాళ్లది, డీజిలు మనది" అంది. పైఆయనింటికి దగ్గర దారి ఉన్నా, బండిని కిందాయన ఇంటి ముందు నుంచి తిప్పి పంపించింది. ఆ వానలో ఆయన అరుగు మీద నిలబడి బండి పోయేదాకా చూశాడు. అడ్డుకట్ట మాత్రం తీయలేదు.

మేము దూడ మెడలోని తాళ్లు విప్పాం. బుట్టకున్న చిల్లులకు గోనెపట్టా కుట్టాం. నాన్నా అమ్మా ఒక జోడి, నాయనమ్మా నేనూ ఒక జోడి. వంతులవారీగా బండ్ల బాట వైపు గూడ వేశాం. నాకు తాడు పట్టు తెలియదు, ఊపు తప్పేది, సగం నీళ్లు మళ్లీ మా చేలోనే పడేవి. "పడనీ, మళ్లీ ముంచు" అనేది నాయనమ్మ. ఎలుకలు కొరికిన బుట్టను చూసినప్పుడల్లా తనను తానే తిట్టుకునేది. నా అరచేతుల్లో తోలు లేచిపోయింది. ఆవిడ పాత చీర చింపి కట్టింది, ఆ గుడ్డ కూడా ఎర్రగా అయింది. రెండు రోజులు అలా విసిరాం. మెరక మీదున్న ఎకరం ఒక్కటి నీళ్లలోంచి తల పైకెత్తింది.

ఇంజను పోయిన మూడోరోజు మధ్యాహ్నం కిందాయన అడ్డుకట్ట తీయించాడు. మా మీద జాలితో కాదు. పరాయివాళ్ల ఇంజను మా గట్టున లేదని నమ్మకం కుదిరాక తీయించాడు. అప్పటికి మూడెకరాలు కుళ్లిపోయాయి. చేలోకి దిగితే వాసనొచ్చేది.

పైఆయన ఊరుకోలేదు. మరుసటి ఏడు మా వంతు నీళ్లు అందరికంటే చివర వదిలాడు. నాట్లు నెల ఆలస్యమయ్యాయి. ఎవరి పక్కనా నిలబడని వాళ్లను ఇద్దరూ మెచ్చుకుంటారని ఎవరన్నా అంటే నమ్మకండి. ఇద్దరూ కొడతారు, అయితే ఇద్దరూ కలిసి కొట్టరు. మాకు దక్కిన లాభం అంతే.

మా అమ్మ కూలికి పోయింది. నేను పలక అటక మీద పెట్టి గేదె వెనక పోయాను. మా పంతులమ్మ ఒకసారి గట్టు దాకా వచ్చి అడిగింది. నాయనమ్మ దాచిపెట్టలేదు, "నేనే మాన్పించానమ్మా" అంది.

ఆ కాగితం మీద మా బదులు ఇంకో చిన్న రైతు సంతకం పెట్టాడు. పిల్లలు గలవాడు, ఆయన్ని నేను తప్పు పట్టను. రెండేళ్లు తిరక్కుండా ఆ ఆసాములిద్దరూ వియ్యంకులయ్యారు. గట్టు తగువు పెళ్లి భోజనాల దగ్గరే తీరిపోయింది. కాగితం మీద మిగిలింది ఆ చిన్న రైతు సంతకం ఒక్కటే. పైఆయన ఆయన్ని గుర్తుపట్టడం మానేశాడు, కిందాయన మాత్రం మర్చిపోలేదు. ఉన్న రెండెకరాలూ వదిలేసి, కొండపల్లి వైపు కూలికి పోయారని విన్నాం. మళ్లీ కనపడలేదు.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. కలం పట్టుకుని విన్నది, కానీ ఏమీ రాసుకోలేదు. "దీన్ని పరీక్షలో ఎలా రాయను నానమ్మా" అంది. రాయొద్దన్నాను. ఎప్పటికైనా దేశం సంగతులు తేల్చే ఆ కుర్చీల్లో కూర్చునే రోజొస్తే రెండు మాటలు గుర్తుపెట్టుకోమన్నాను. ఎవరన్నా విమానమో తుపాకో ఇస్తానంటే, దాని హ్యాండిల్ ఎవరింట్లో ఉంటుందని అడగాలి. మన కొట్టంలో ఉన్న గూడను ఎలుకలు కొరకకుండా చూస్తున్నదెవరని కూడా అప్పుడే అడగాలి. ఇది మొదటిది.

ఏరుతున్న పప్పు పక్కన పెట్టి రెండోది చెప్పాను. ఎవరికీ తల వంచం, మా కాళ్ల మీద మేము నిలబడతాం అని టీవీలో పెద్దలు గట్టిగా అంటుంటారు. మంచిదే, మా నాయనమ్మా అదే చేసింది. కానీ ఆ మాట అనే ముందు, దానికోసం ఎవరి బడి ఆగిపోతుందో ఆ పిల్లను పిలిచి, ఎదురుగా నిలబడి చెప్పాలి. ఆవిడకు అక్షరం రాదు, అయినా చెప్పింది.

ఆవిడ చేసింది సరైనదేనని నాకు తెలుసు. ఆవిడ మీద కోపం ఈ వయసుకి కూడా పోలేదు. గౌరవమూ పోలేదు. అటక మీది పలక ఆ తర్వాత ఏమైందో నేనెప్పుడూ అడగలేదు.