నాలుగో మడుగు లోతు

మా బావకు ఈత రాదు. ముప్పయ్యొక్క ఏళ్లు నది ఒడ్డునే ఉద్యోగం చేసి కూడా ఈత రాని మనిషి లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. నీటిమట్టం ఎంత ఉందో చూసి పై ఆఫీసుకు ఫోన్లో చెప్పడం ఆయన పని. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం మళ్లీ ఆరింటికి. వరదొస్తే గంటగంటకూ. మా అక్కను పెళ్లి చేసుకున్న రోజు కూడా వెళ్లి అంకె చూసి వచ్చాకే ఫొటోలకు నిలబడ్డాడు. ఆయన చెప్పిన అంకెను బట్టే దిగువన ఉన్నవాళ్లు సామాన్లు మేడ మీదికి ఎక్కించుకునేవారు. ఆ అంకె ఒక్కసారీ తప్పలేదు.

అక్క సంగతి వేరు. ఆసుపత్రి లాండ్రీలో రోజంతా నిలబడి దుప్పట్లు మడతపెట్టే ఉద్యోగం ఆమెది. ఆమె నడకా ఈతా ఒకే ఏడాది నేర్చుకుందని మా అమ్మ చెప్పేది. వాళ్ల పెళ్లయినప్పటి నుంచీ ఏటా వేసవి చివర్లో, నది సన్నబడి బండల మధ్య మడుగులు మాత్రమే మిగిలినప్పుడు, ముగ్గురం ఒక రోజంతా వాటి వెంట తిరుగుతాం. అక్కా నేనూ దిగుతాం. బావ తువ్వాళ్లు పట్టుకుని ఒడ్డున నిలబడతాడు. అక్క ప్రతిసారీ రమ్మంటుంది. ఆయన ప్రతిసారీ ఒకటే మాట చెబుతాడు.

"ఉద్యోగం అయ్యాక దిగుతాలే. నాకేమన్నా అయితే ఆరింటికి అంకె ఎవరు చెప్తారు?"

ఉద్యోగం అయిపోయింది. చలికాలం చివర్లో బావ రిటైరయ్యాడు, ఆయన చోట ఒక యంత్రం పెట్టారు. ఆ నెలలోనే అక్క కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. వచ్చే ఏడాది ఎడమదానికీ తప్పదన్నాడు డాక్టరు. ఆ తర్వాత బండల మీద ఎక్కి దిగడం కుదురుతుందో లేదో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. "ఒక్కసారన్నా మీ బావా నేనూ కలిసి దిగాలి, అంతే" అంది అక్క నాతో. నాలుగు రోజుల్లో వానలు పడతాయంటున్నారు. కాబట్టి ఈసారి ప్రయాణం ఆ ఒక్క పని కోసమే.

నాది పాత సోఫాలకు కొత్త బట్ట కుట్టే పని. అక్క మోకాలికి కుదుపు తగలకుండా వ్యాన్ వెనక సీటు మీద దుకాణంలో మిగిలిన ఫోమంతా పరిచాను. రొట్టె, ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కులో టీ పెట్టుకున్నాం. బావ ఒళ్లో తువ్వాళ్లు మూడున్నాయి. ఇన్నేళ్లూ రెండే ఉండేవి. అది చూసి అక్క కిటికీ వైపు తిరిగి తనలో తాను నవ్వుకుంది.

మొదటి మడుగు దగ్గర బావ వంగి నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. "అడుగున బండ నున్నగా ఉంటుందిక్కడ. నీ కాలు జారితే?"

"నా కాలు సంగతి నేను చూసుకుంటా. మీ కాలు సంగతి చెప్పండి" అంది అక్క.

రెండో మడుగు చెట్ల నీడలో ఉంది. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయన్నాడు. మూడోది అన్నిటికన్నా మంచిది, అడుగంతా మెత్తటి ఇసుక. పదేళ్ల కిందటి వరదలో అక్కడ సుడి తిరిగిందన్నాడు.

"ఆ సుడి పదేళ్లుగా నీకోసమే కాచుకుని ఉందా బావా?" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎన్ని మడుగులకు వంకలు పెడతాడు మనిషి? నాకు ఒళ్లు మండింది.

 అక్క కలిసే దిగాలనుకుంది కాబట్టి ఆ మూడింటిలోనూ తనూ దిగలేదు. విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని వ్యాన్ ఎక్కింది. అక్కకు కోపం వస్తే అరవదు, మడతలు పెడుతుంది. బావ ఒళ్లోంచి తువ్వాళ్లు లాక్కుని దారి పొడుగునా విప్పి మడిచింది, మడిచి విప్పింది.

తిరిగి వచ్చే దారిలో బావ పాత ఆఫీసు తగులుతుంది. పొద్దు వాలుతోంది. ఎవరూ చెప్పకపోయినా అక్కడ ఆపాను. ఆరడుగుల గది, తాళం వేసి ఉంది. కిటికీలోంచి బల్ల, రైన్‌కోటు తగిలించే మేకు, ఫోను ఊడదీసిన చోట గోడ మీద తెల్లటి మచ్చ కనిపించాయి. బావ ఆ మచ్చ వంక కాసేపు చూశాడు. గది కింద నాలుగో మడుగు ఉంది. దాని ఒడ్డు బండకు బిగించిన కొలత పలక అలాగే ఉంది, తెలుపు మీద నల్ల గీతలు.

"నలభై రెండు" అన్నాడు బావ అలవాటు కొద్దీ.

"నలభై రెండు సెంటీమీటర్లంటే మోకాలి దాకా కూడా రాదు. ఇంకేం సాకు చెప్తావో చెప్పు" అన్నాను.

బావ పలక వైపు వేలు చూపించాడు. "అది లోతు కాదురా. పలక మీది సున్నా నది అడుగు కాదు. బిగించేవాళ్లు తమకు వీలైన చోట సున్నా పెట్టుకుని అక్కణ్ణుంచి లెక్క మొదలుపెడతారు. అడుగు ఇంకా కిందెక్కడో ఉంటుంది."

"ఎంత కింద?" అడిగింది అక్క.

"తెలీదు."

నేను నవ్వబోయి ఆగాను. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, అదే చూశాను ముప్పయ్యొక్క ఏళ్లూ. అడుగు ఎక్కడుందని ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు." అక్క వైపు తిరిగాడు. "పొద్దున్నుంచీ చూసిన మడుగుల్లో ఏ తప్పూ లేదు. నాకు భయం. నీళ్లేం చేస్తాయో రోజూ ఫోన్లో చెప్పినవాణ్ణి."

అక్క తువ్వాళ్లు బండ మీద పెట్టింది. "జేబులో పుస్తకం ఉందా?"

ఉంది. ఆ చిన్న పుస్తకం, పెన్సిలు ఆయన జేబులో లేని రోజు లేదు.

"రాసుకోండి" అంటూ బండ మీద కూర్చుని, మెల్లగా జరుగుతూ నీళ్లలోకి దిగింది. "ఇక్కడ పిక్కల దాకా. గులకరాళ్లు."

"పిక్కలు, గులకరాళ్లు" అన్నాడు బావ రాస్తూ. ఫోన్లో అంకె చెప్పాక పొరపాటు రాకుండా మళ్లీ ఒకసారి చెప్పే గొంతు అది.

"నల్ల బండ పక్కన నడుం లోతు. ఇసుక."

"నడుం, నల్ల బండ, ఇసుక. ఎడమ పక్కనా?"

"ఎడమే. ఇక్కడ గుండెల దాకా. ఇక్కడ మెడ, ఇది దాటి రావద్దు మీరు." తర్వాత మధ్యకు ఈదుకుంటూ వెళ్లి మునిగింది. తేలాక గట్టిగా చెప్పింది. "ఇక్కడ నాకూ అందలేదు."

బావ అదీ రాశాడు. రాసిందంతా రెండుసార్లు చదువుకున్నాడు. చొక్కా విప్పి, పుస్తకం దాని మడతలో పెట్టి, తువ్వాళ్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"పట్టుకో బామ్మర్దీ."

పిక్కల దాకా వెళ్లాడు. నల్ల బండ పక్కన నడుం దాకా వచ్చి ఆగాడు. అక్క గుండెల లోతులో నిలబడి ఎదురు చూసింది. తొందరపెట్టలేదు, "రండి" అంది అంతే. ఆయన వెళ్లాడు. "గుండెలు. సరిగ్గానే చెప్పావు" అన్నాడు వణుకుతూ. అక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. నీళ్లలో ఆమె మోకాలు నొప్పి పెట్టదు, అందుకే ఎంతో తేలిగ్గా నిలబడింది.

"బావా, నువ్వు దిగాక మట్టం ఒక సెంటీమీటరు పెరిగింది. ఆఫీసుకు ఫోన్ చెయ్యనా?" అన్నాను.

ఆయన నిజంగానే తిరిగి పలక వంక చూశాడు. అక్క నోట్లోకి నీళ్లు పోయేంతగా నవ్వింది. తర్వాత ఆయన్ని అక్కడే నిలబెట్టి మళ్లీ మధ్యకు ఈదింది.

నేనూ దిగేవాణ్ణే. కానీ చేతిలో మూడు తువ్వాళ్లున్నాయి, ఇద్దామంటే ఒడ్డున ఎవరూ లేరు. బావ ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాను. ఇన్నేళ్లూ నీళ్లలోంచి ఆయన్ని చూసి ఎగతాళి చేశానే తప్ప అక్కణ్ణుంచి ఎప్పుడూ చూడలేదు. అక్కణ్ణుంచి అక్క తల చాలా చిన్నగా కనిపిస్తుంది. మునిగినప్పుడల్లా మళ్లీ తేలేదాకా మనం ఊపిరి బిగబట్టాలి. ఈత రాని మనిషి ఇరవై ఎనిమిది వేసవులు అలా నిలబడ్డాడు.