పన్నెండో మంచం టైఫాయిడ్

మా కాలేజీ ఛైర్మన్‌ను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజుల్లో, నాగర్‌కర్నూల్‌లో ఆయన నడిపిన నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పాలకమండలి అంటే ఆయన, ఆయన భార్య, బావమరిది. కాలేజీకి సొంత ఆసుపత్రి ఉండాలని నిబంధన. ఉండేది, మంచాలతో సహా. రోగులూ డాక్టర్లూ మాత్రం నర్సింగ్ కౌన్సిల్ తనిఖీ రోజే వచ్చేవాళ్లు.

ఒక ఏడు తనిఖీకి ముందు తెలకపల్లి చుట్టుపక్కల ఆటోకు మైకు కట్టి, ఉచిత వైద్య శిబిరమని చాటించాడు. జనం నమ్మి రెండు బస్సుల్లో వచ్చారు. అందరివీ నిజమైన రోగాలే, కానీ అవి ఆయనకు పనికిరాలేదు. విద్యార్థులు అన్ని రకాల జబ్బులూ చూస్తున్నారని చూపించాలి కదా, ఏ మంచానికి ఏ రోగమో ముందే రాసి పెట్టాడు. మోకాళ్ల నొప్పులని వచ్చిన ముసలాయనకు కామెర్లు అంటగట్టాం. ఆ జాబితా పట్టుకుని మంచం మంచానికీ తిరిగింది నేనే.

పన్నెండో మంచం మీద నలభై ఏళ్ల రైతు ఇల్లాలు. రొమ్ములో గడ్డ ఉందని, ఇంట్లో చెప్పుకోలేక ఈ శిబిరం కోసమే ఆగానని నా చెవిలో చెప్పింది. తనిఖీవాళ్లు పోగానే డాక్టరుకు చూపిస్తానని మాటిచ్చి, అడిగితే మాత్రం టైఫాయిడ్ అని చెప్పమన్నాను. పాపం, ఎన్ని రోజుల జ్వరమని చెప్పాలో కూడా అడిగి నేర్చుకుంది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి అడిగితే తడుముకోకుండా అప్పజెప్పింది.

భోజనాలు కాగానే తనిఖీ బృందం కారెక్కింది. ఆ ఒక్కరోజుకు హైదరాబాద్ నుంచి తెప్పించిన డాక్టర్లూ బయల్దేరుతున్నారు. ఒక్కరిని ఆపమని ఛైర్మన్‌ను బతిమాలాను.

"ఏందమ్మా, గిది నిజంగనె దవాఖాన అనుకున్నవా?" అన్నాడు. "అందర్ని బస్సెక్కియ్యి."

నేను తిరిగి వచ్చేసరికి ఆమె తెర చాటున కూర్చుని ఎదురుచూస్తోంది.

"నువ్వు జెప్పుమన్నట్టె జెప్పిన గదమ్మా. ఇగ నాది సూపియ్యి."

డాక్టర్లు వెళ్లిపోయారన్నాను. ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పెద్దాసుపత్రికి వెళ్లమన్నాను.

"నన్నెవలు తోల్కపోతరు?" అంది. బస్సు హారన్ కొడుతుంటే పైట సర్దుకుని లేచింది.

ఆ సాయంత్రమే కాగితాలన్నీ పూర్తి చేయాలని ఛైర్మన్ కబురు పంపాడు. పన్నెండో మంచం కాగితం మీద, పూర్తిగా నయమై ఇంటికి వెళ్లిందని రాసి, కింద నేనే సంతకం పెట్టాను.