తేదీ లేని రాజీనామా

లక్ష్మి రాజీనామా ఉత్తరం మీద తేదీ వేయడానికి పెన్ను మూత తీసినప్పుడు నా చెయ్యి వణికింది సహోదరులారా, నేనెక్కడికో జారిపోతున్నానని ఆ క్షణంలోనే నాకు తెలిసింది, తెలిసి కూడా వేశాను!

విజయనగరంలో ఆఫీసు, నెల్లిమర్లలో, శ్రీకాకుళంలో, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళలో బట్టల షాపులు ఉన్న ఒక కంపెనీలో నేను హెచ్ఆర్ సలహాదారుగా పనిచేశాను. పనిలో చేరిన ప్రతివాళ్ళ చేతా తేదీ లేని రాజీనామా మీద ముందే సంతకం పెట్టించుకోవడం అక్కడి పద్ధతి. ఎవరినైనా వద్దనుకుంటే ఆ ఉత్తరం మీద తేదీ వేస్తే చాలు, వాళ్ళంతట వాళ్ళే మానేసినట్టు అయిపోతుంది. ఆ ఫైలు నా బీరువాలో ఉండేది. నా ఉత్తరం మాత్రం యజమాని దగ్గర ఉండేది.

లక్ష్మి నెల్లిమర్ల షాపులో చీరలు చూపించే అమ్మాయి, ఐదో నెల గర్భిణి. కాళ్ళు వాస్తున్నాయి, కూర్చోవడానికి ఒక స్టూలు ఇప్పించమంది. అంతే ఆమె చేసిన తప్పు! ఆమె ఉత్తరం మీద తేదీ వేసెయ్యమని యజమాని నాకు చెప్పారు, వేశాను. మర్నాడు ఆమె ఆఫీసుకొచ్చి ఆ కాగితం నా ముందు పెట్టి, "సంతకం నాదే మేడం, మరి ఈ తేదీ ఎవలేసినారు? స్టూలే కదా అడిగినాను!" అంది. నేను తలెత్తకుండా, "మీరే వేశారు కదమ్మా" అన్నాను. అబద్ధాన్ని ఎంత మర్యాదగా చెప్పానో!

ఆ రోజు నుంచి నా చేతుల వణుకు ఆగలేదు. పిల్లలకు జడ వేయబోతే పాయలు జారిపోయేవి, నా ఇద్దరు కూతుళ్ళూ జుట్టుకు రబ్బరు బ్యాండు చుట్టుకుని బడికి వెళ్ళేవారు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఏ జబ్బూ లేదన్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, ప్రభువా ఈ వణుకు తీసెయ్యి అని ఏడ్చి ఏడ్చి అడిగాను. మా పాస్టరమ్మగారు నా పక్కన కూర్చుని, "సెయ్యి బాగవ్వాలని అడుగుతన్నావు, సరే. ఆ సేత్తో ఏటి సేసినావో అది సెప్పు" అన్నారు. అంతా చెప్పేశాను. "దేవుడి దగ్గర ఒప్పుకున్నావు, బాగున్నాది. ఆ పిల్ల దగ్గర ఒప్పుకోడానికి నోరు రాదేటమ్మా?" అన్నారావిడ.

అక్కడే మోకరించి ఇలా ప్రార్థించాను: "ప్రభువా, ఉద్యోగం పోతే పిల్లల గతేమిటన్న భయం నాకు నీకంటే పెద్దదైపోయింది, క్షమించు, నన్ను నిలబెట్టు."

నెల్లిమర్ల వెళ్ళి లక్ష్మి ఇంటి గుమ్మంలో నిలబడి నిజం చెప్పాను. ఆమె నన్ను లోపలికి పిలవలేదు. "నాకు సెప్తే ఏటొస్తాది మేడం? ఆ యజమానికి సెప్పండి" అంది. అదీ న్యాయమే. లక్ష్మి రాజీనామా చేయలేదు, ఆ తేదీ నా చేతిరాత అని రెండు కాగితాల మీద రాసి, సంతకం పెట్టి, ఈసారి తేదీ కూడా నేనే వేసి, ఒక కాగితం ఆమెకిచ్చి, రెండోది యజమాని బల్ల మీద పెట్టాను.

"నీ ఉత్తరం కూడా నా దగ్గరున్నాది, మర్సిపోయేవేటి?" అన్నారాయన.

"లేదు సార్. తేదీ వేసుకోండి" అన్నాను. ఆ మాట అంటూ నా చేతుల వైపు చూసుకున్నాను. కదలకుండా ఉన్నాయి! దేవునికే మహిమ!

ఆయన ఆ సాయంత్రమే నా ఉత్తరం మీద తేదీ వేశారు. లక్ష్మి చేతిలోని కాగితం కార్మిక శాఖ దాకా పోతుందని భయపడి వారం తిరక్కుండా ఆమెను పనిలోకి పిలిచారు, స్టూలు కూడా వేశారట. నాకింకా వేరే పని దొరకలేదు, దిగులు లేదని అబద్ధమాడను, కానీ ఆ పాత భయం మాత్రం నన్ను విడిచిపోయింది. నాలాగే భయంతో ఎక్కడో సంతకం పెట్టేసి లోలోపల వణుకుతున్న సహోదరీ, ప్రభువు దగ్గరికి రా, ఆయన నిన్ను నిలబెడతాడు.

ఉద్యోగం పోయిన మర్నాడు ఉదయం, "ఆఫీసుకి లేటవదా అమ్మా?" అని పెద్దది అడిగింది. ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను. "అమ్మ ఒక అక్క మీద అబద్ధం చెప్పిందిరా. నిన్న నిజం చెప్పింది, అందుకని ఆఫీసు లేదు. కదలకండి, ఇద్దరికీ రెండేసి జడలు వేస్తాను" అన్నాను.