సిస్టర్ పేరు ఎదురుగా పెట్టిన టిక్కు

ఆసుపత్రి కంప్యూటర్లకు కార్డు లాగిన్ పెట్టడం నా పని. కార్డు పెట్టి పిన్ నంబరు కొడితే, కింద పట్నంలో ఉన్న సర్వరు సరేననాలి. అప్పుడే కంప్యూటరు తెరుచుకుంటుంది. ఒకసారి సర్వరు ఒప్పుకున్న మనిషిని ఆ కంప్యూటరు గుర్తుపెట్టుకుని, తర్వాత లైను పోయినా లోపలికి రానిస్తుంది. ఆ మొదటిసారి మాత్రం లైను ఉండగానే జరగాలి. అందుకే టెస్టింగు రోజు ప్రతి ఒక్కరి చేతా కార్డు పెట్టించి, కాగితం మీద పేరు ఎదురుగా టిక్కు పెట్టాలి.

అరకు దాటాక కొండ మీది ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరుగారి చేతా, ఫార్మసిస్టు చేతా పెట్టించాను. సిస్టర్ జ్వరాలు చూడ్డానికి పై ఊరికి నడిచి వెళ్ళింది, పొద్దుగూకితేగానీ రాదన్నారు. నాలుగింటికి ఆఖరి జీపు. నాకసలే ఓపిక తక్కువ. ఇద్దరికీ పనిచేసింది, ఆవిడకు చెయ్యదా ఏమిటి అని విసుక్కుంటూ టిక్కు పెట్టేసి, ఆవిడ కార్డూ పిన్ చీటీ కవరులో పెట్టి, ఆవిడకిమ్మని ఫార్మసిస్టుకిచ్చేసి జీపెక్కాను.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. లైను తెగింది, ఫోన్లూ పోయాయి. మర్నాడు ఆదివారం. డ్యూటీలో సిస్టర్ ఒక్కతే. ఊపిరందని పాపను ఒక తల్లి వీపున కట్టుకొచ్చింది. అంతకుముందు అక్కడే ఏదో సూదిమందు పడక ఆ పాప ఒళ్ళంతా వాచిపోయిందట. ఆ మందు పేరు కంప్యూటరులో ఉంది. తల్లికి తెలియదు. సిస్టర్ కార్డు పెట్టింది, పిన్ కొట్టింది. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టింది. ఏ మందు పడదో తెలియకుండా సూది వేసే ధైర్యం చాలక, జీపులో కిందికి పంపింది. పాప ఘాటు రోడ్డులోనే చనిపోయింది.

జబ్బు అప్పటికే ముదిరిపోయిందన్నారు డాక్టరుగారు. అయ్యుండొచ్చు. ఆ మాట పట్టుకుని గుండె దిటవు చేసుకుందామని చూశాను, నా వల్ల కాలేదు.

లైను బాగయ్యాక మళ్ళీ వెళ్ళాను. సిస్టర్ కార్డు పెట్టి పిన్ కొట్టింది. ఒక్కసారికే తెరుచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఆయేళ కంగారులో ఏటో తప్పు నెంబరు కొట్టీసుంటాను బాబూ. ఆ గుంట నా వల్లే పోనాది."

నా తప్పమ్మా అని చెప్పాలి. పక్కనే డాక్టరుగారు, ఆయన చేతిలో నా సంతకమున్న ఆ టిక్కుల కాగితం. "లైను లేక అలా అయిందమ్మా" అన్నాను.

"లైను లేనప్పుడే సోమారం డాక్టరుబాబుకి తెరుసుకుంది కదా" అంది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇంకోపాలి సూపించు బాబూ. ఇక తప్పు కొట్టను."

పక్కన కూర్చుని, ఏ తప్పూ చెయ్యని ఆ మనిషికి పిన్ కొట్టడం మళ్ళీ మొదటినుంచీ నేర్పాను.