కొత్త ట్రాలీ సప్పుడు

మా మొదటి బండిని పోయిన నెల అమ్మేశాం. కొన్నవాళ్లు వచ్చి తోలుకుపోయేటప్పుడు మావారు గేటు దాకా కూడా రాలేదు. లోపల కూచుని మా అమ్మాయి చేత ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటున్నట్టు నటించారు. నేనే వాకిట్లో నిలబడి, అది గల్లీ మలుపు తిరిగి రోడ్డెక్కేదాకా విన్నాను. ఆ బండిని మేం కళ్లతో కంటే చెవులతోనే ఎక్కువ ఎరుగుదుం.

పిల్లలిద్దరూ పడుకున్నారు. చిన్నవాడికి జలుబు, ఊపిరి గురగురమంటోంది. ఆ గురగుర వింటూ పక్కన పడుకుంటే నాకెలాగూ నిద్ర పట్టదు. అందుకే రాస్తున్నాను.

అమ్మాయి అప్పుడు ఇంకా పాలు తాగే పిల్ల. మావారు చాంద్రాయణగుట్ట నుంచి కంచన్‌బాగ్ దాకా ఉద్యోగుల బస్సు నడిపేవారు. బస్సు ఒక కాంట్రాక్టరుది. అందులో రోజూ కిటికీ పక్కన కూచునే గుమాస్తా మా నాన్న. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. బస్సు తోలేవాడికి పిల్లనిచ్చారని మా చుట్టాలు చాలాకాలం గుసగుసలాడారు. ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. మావారికి మాత్రం ఒకటే కోరిక, తన బండి తను నడుపుకోవాలని. అలా కొన్నాం, తెల్లటి కొత్త పికప్. మా బస్తీలో ఎవరూ పికప్ అనేవారు కాదు, ట్రాలీ అనేవారు.

కాంట్రాక్టరు మంచివాడే. మానేస్తానని చెప్పడానికి వెళ్తే, వినాయక చవితి దాకా నీ సీటు ఎవరికీ ఇవ్వను, అప్పటికి బండి నడవకపోతే అమ్ముకుని వచ్చి కూర్చో అన్నాడట. ఆ మాట మాకు ధైర్యంగా ఉండాల్సింది. కానీ నాకు అది తలుపు సందులోంచి చూస్తున్న మనిషిలా అనిపించేది.

షోరూమ్ నుంచి వస్తూ ఉండగానే ఆ సప్పుడు మొదలైంది. మూడో గేరులో పడగానే సన్నగా గుంయ్‌మని లేచేది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేస్తే లోపలెక్కడో కరకరలాడేది. నాకు గోడ అవతల పిండిమర ఆడుతున్నట్టుండేది. మా అత్తమ్మ, జొన్నలు ఇసిరినట్టుంది బిడ్డా, అంది. మావారు ఒకే మాట అనేవారు: "మొత్తుకుంటుంది."

ఆ మాటతో నాకు పెద్ద చిక్కు వచ్చింది. మా పుట్టింట్లో పిల్లలు ఏడుస్తారు. ఇక్కడ మొత్తుకుంటారు. పైగా మన భాషలో ఆడపిల్లకీ బండికీ క్రియ ఒకటే. ఆయన వాకిట్లో బండి కిందకి తొంగిచూస్తూ "మళ్ల మొత్తుకుంటుంది" అంటే నేను పొయ్యి మీద పాలు వదిలేసి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తేదాన్ని. పిల్ల హాయిగా నిద్రపోతూ ఉండేది. ఒక్కోసారి నిజంగా పిల్లే ఏడుస్తుంటే అత్తమ్మ లోపలి నుంచి అదే మాట అనేది. అప్పుడాయన పానా పట్టుకుని బండి దగ్గరికి వెళ్లేవారు.

తన మాట సర్వీసు వాళ్లు చెవిన పెట్టడం లేదని ఒకరోజు నన్ను వెంటబెట్టుకెళ్లారు. "నువ్వు డిగ్రీ చదివినవ్. నువ్వు చెప్తే వింటరు" అన్నారు. నేను పిల్లను చంకనేసుకుని, మూడో గేరులో మూలుగుతోందండీ అని చెప్పాను. అక్కడి ఇంజనీరు బండెక్కి ఒక చుట్టు తిప్పి వచ్చాడు. ఆ చుట్టంతా బండి కిక్కురుమనలేదు. డాక్టరు గుమ్మం తొక్కగానే పిల్లలకు జ్వరం దిగిపోతుంది చూడండి, అలా. అతను చెయ్యి తుడుచుకుంటూ, లోడు మీద వస్తోందా, ఖాళీలోనా అని అడిగాడు.

నేను మావారి వైపు చూశాను. ఆయన నేల వైపు చూశారు.

"లోడు ఇంకా ఎయ్యలె సార్."

అతను నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. ఇది లోడు బండి, ముందు సామాను వేసి నాలుగు ట్రిప్పులు తిప్పి అప్పుడు రండి అని పంపేశాడు.

లోడు వేయకపోవడానికి కారణం మా అత్తమ్మ. బండి కొన్న వారానికే ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త బండికి మొదటి లోడు ఎత్తకూడదంది. అది పోయి శ్రావణం వచ్చాక, మొదటి లోడు దేవుడిదే కావాలంది. ధూల్‌పేట్‌లో గణపతి బొమ్మలు చేసే ఒకావిడ ఉండేది. మావారు చిన్నప్పుడు ఆవిడ దగ్గర బొమ్మలెత్తే పని చేశారట. ఆవిడను అందరూ మౌసీ అనేవారు. నీ బండికి మొదటి గణపతి నాదే అని ఆవిడ మాటిచ్చింది. ఇక అత్తమ్మకు తిరుగులేదు. రంగు ఆరి బొమ్మ కదిలేదాకా బండి ఖాళీగానే ఉండాలి.

ఇంజనీరు చెప్పిన మాట పట్టుకుని మావారు ఇసుక సంచులు వేసి చూస్తానన్నారు.

"ఇసుక లోడు గాదా?" అంది అత్తమ్మ.

"ఉత్తగ చూస్తందుకే అమ్మా."

"ఉత్తగ ఏస్తే గూడ లోడు లోడే."

బోనాలనాడు మాత్రం బస్తీ ఆడవాళ్లందరం నెత్తిన బోనాలతో వెనక డబ్బాలోనే ఎక్కి గుడికి వెళ్లాం. ఇదేమిటి అత్తమ్మా అంటే, మనుషులు లోడు కారు అని తేల్చేసింది. ఆ రోజు బండి మొత్తుకుందో లేదో ఎవరికీ తెలియదు. ముందు డప్పులు, వెనక పాటలు, మధ్యలో పసుపు నీళ్లు. అంతమంది బరువుతో అది ఎలా నడిచిందో గమనించి ఉంటే మాకు మిగతా బెంగ తప్పేదేమో.

శ్రావణం నడుస్తుంటే ఇంట్లో పరిస్థితి బిగుసుకుంది. నేను సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని, దానితోనే నడుపుకొచ్చాం. మంచాలు, బీరువాలు చేర్చమని అడిగిన వాళ్లకు మావారు వద్దని చెప్పి పంపారు. చౌరస్తాలో ఆటోవాళ్లు ఊరుకుంటారా! "ఏమన్నా, కొత్తకోడలు లెక్క ఆషాఢంల బండిని పుట్టింటికి పంపకపోయినవా?" అని ఒకడన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తనే నవ్వారు. ఆ నవ్వు చివరిదాకా రాలేదు. సాయంత్రాలు ఇంజను ఆపిన బండిలో కూచుని, క్లచ్ తొక్కుతూ, గేర్లు మారుస్తూ, చెవి కిందికి వంచి వింటూ ఉండేవారు. ఒక ఆదివారం ఆయన తన ఖాకీ చొక్కా తీసి ఉతుక్కుని ఇస్త్రీ చేసుకోవడం చూశాను. బస్సు మీద వేసుకునే చొక్కా. నేనేమీ అడగలేదు. అడిగితే జవాబు చెబుతారని భయం.

చవితి ముందు, ఒక ఎండ కాసే రోజున, కొబ్బరికాయ తీసుకుని అందరం ధూల్‌పేట్ వెళ్లాం. గల్లీ అంతా గణపతులే. ముఖాలకు పాత గుడ్డలు చుట్టి ఉన్నాయి, పందిరి చేరేదాకా కళ్లు ఎవరికీ చూపించరు. మా బండి ఆ గల్లీలోకి మొత్తుకుంటూనే వెళ్లింది. మౌసీ అరుగు మీద కూచుని ఒక గణపతి వేలి గోళ్లకు రంగు వేస్తోంది. కుంచె ఆపి తలెత్తింది.

"క్యా రే బేటా, గాడీ రోతీ క్యా?" బండి ఏడుస్తోందా అని అడిగింది.

కొత్త బండి మౌసీ, సర్దుకుంటది అన్నారు మావారు. ఆవిడ లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. చాంద్రాయణగుట్ట పందిరికి పోవాల్సిన గణపతి మనిషికన్నా ఎత్తు. ఎత్తి పట్టుకున్న కుడి చెయ్యి ప్లాస్టరుది. గేరు మార్చేటప్పుడు బండి ఒక్కసారి గుంజితే ముందు విరిగేది ఆ మణికట్టే. చెయ్యి విరిగిన గణపతిని ఎవరూ నిలబెట్టరు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. దీనికి వేరే ట్రాలీ పిలుస్తాను, నువ్వు మళ్లెప్పుడన్నా చిన్నవి తీసుకుపో అంది.

అత్తమ్మ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉంది. నేను పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాను.

మావారు మెల్లగా అన్నారు: "నువ్వే ముందట కూసో మౌసీ. యాడ భయమైతే ఆడ ఆపమను, ఆపుత. చెయ్యి ఇరిగిందంటే ఈ బండి మళ్ల ముట్ట. రేపే పోయి బస్సెక్కుత."

మౌసీ ఆయన్ని చూసింది, నన్నూ పిల్లనూ చూసింది.

"నేను కూసుంటే గణపతికన్నా నా బరువే ఎక్కువైతది" అని గొణుక్కుంటూ చీర కుచ్చిళ్లు ఎత్తి ముందు సీటెక్కింది.

పాత పరుపులు, గడ్డి పరిచి గణపతిని ఎక్కించి తాళ్లతో కట్టారు. అత్తమ్మా, నేనూ, పిల్లా వెనక గణపతి కాళ్ల దగ్గర కూచున్నాం. అత్తమ్మ ఒక చేత్తో దేవుడి పాదం పట్టుకుంది. మావారు నడిచే మనిషి వేగంతో గల్లీ దాటించి పురానాపూల్ వైపు తిప్పారు. నా చెవులు రెండూ కింద రేకులో ఉన్నాయి. వంతెన దాటాం. రెండో గేరు పడింది, మూడో గేరు పడింది. ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అనుకుంటూ పిల్లను గట్టిగా హత్తుకున్నాను. ఏమీ లేదు. ఇంజను మాట, రోడ్డు మాట, అంతే.

బాలింతరాలికి పిల్ల ఏడిస్తే ఒక భయం, ఏడవకపోతే ఇంకో భయం. మా అమ్మాయి ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలుపెట్టి చూసేదాన్ని. ఆ బుద్ధే ఇక్కడా పనిచేసింది. లోపల ఏదో ఊడిపోయింది, అందుకే నోరు మూతపడింది అనిపించింది. శాలిబండ దగ్గరికి వచ్చేసరికి ఇక పట్టలేక డ్రైవరు సీటు వెనకున్న అద్దం మీద చేత్తో బాదాను.

మావారు ఎంత మెత్తగా ఆపారో, గణపతి తలగుడ్డ కూడా కదల్లేదు. వెనక సిటీ బస్సు హారను మీద హారను. ఆయన దిగి పరుగెత్తుకొచ్చారు. ముందు చూసింది గణపతి చెయ్యి, తర్వాత పిల్ల ముఖం.

"ఏమైంది?"

"సప్పుడు రావడంలేదండీ" అన్నాను.

అప్పటిదాకా ఆయనా గమనించలేదు, కళ్లూ ప్రాణమూ రోడ్డు గుంతల మీద ఉన్నాయి. ముందు కిటికీలోంచి మౌసీ తల బయటికి వచ్చింది.

"వస్తే లొల్లి, రాకుంటే లొల్లి! ఏం మనుషుల్రా మీరు? చలో!"

బస్సు డ్రైవరు కూడా దిగి వచ్చాడు. సంగతి విని, చెల్లె, సప్పుడు కావాల్నంటే నా బస్సెక్కు, మస్తుగుంటది అని పోయాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఫలక్‌నుమా దగ్గర రైలు పట్టాల మీది వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఎవరం నవ్వలేదు. ఎత్తు మీద గేరు దింపాలి. అత్తమ్మ కళ్లు మూసుకుంది. క్లచ్ తొక్కిన క్షణం బండి గాలిలో ఉన్నట్టు తేలింది, తర్వాత ఒక నిట్టూర్పులా ముందుకు కదిలింది. దేవుడి చెయ్యి ఆకాశం మీద అలాగే ఉంది. ఆ చెయ్యి, దాని వెనక తెల్లటి మబ్బు, నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

చాంద్రాయణగుట్టలో పందిరి కుర్రాళ్లు జై కొడుతూ దించుకున్నారు. అప్పుడక్కడ పైవంతెన లేదు, పందిరి నీడకు ఒక పెద్ద వేపచెట్టు ఉండేది. మౌసీ బల్ల మీదికెక్కి గణపతి మణికట్టు చుట్టూ బొటనవేలు తిప్పి చూసింది. దిగి, రంగు అంటిన చెయ్యి చీరకు తుడుచుకుని, "పొద్దుగాల రా బేటా. రెండున్నయ్" అంది.

తిరుగు దారిలో అత్తమ్మా మౌసీ ముందు కూచున్నారు. నేను పిల్లతో వెనక, ఖాళీ పరుపుల మీద. చౌరస్తా దాటి మూడో గేరు పడిందో లేదో, గుంయ్‌మంది. అదే గొంతు, ఏమీ తగ్గలేదు. బరువుంటే పలకదు, ఖాళీ అయితే పలుకుతుంది. వెనక స్ప్రింగు పట్టీలు పైకి లేస్తాయని ఒకరు, కింద తిరిగే రాడ్డు అని ఒకరు తర్వాత్తర్వాత చాలామంది చాలా చెప్పారు. విప్పి చూసిన వాళ్లెవరికీ ఏమీ దొరకలేదు. ఆ నిమిషంలో మాత్రం నాకు ఒకటే తోచింది. రెండు నెలలు ఆయన్ని తినేసింది ఈ సప్పుడే కదా.

బండి రోడ్డు పక్కకు ఆగింది. ఆయన దిగి, నా వైపు చూడకుండా, ఇరానీ హోటల్ పక్కన కాయిన్ బాక్స్ దగ్గరికి వెళ్లారు. రూపాయి వేసి నంబరు తిప్పుతుంటే ఎవరికో నాకు తెలిసిపోయింది. పిల్ల నా గాజులు లాగుతోంది. నేను దాని వేళ్లు విడిపించి విన్నాను.

"సార్, నమస్తే... ఆ, బండి మంచిగనే ఉంది సార్. సప్పుడా? ఉంది, గట్లనే ఉంది." కాసేపు అవతలి మాట విన్నారు. "లేదు సార్. నా కోసం ఆగకుండ్రి. సీటు ఎవరికన్నా ఇయ్యుండ్రి."

ఫోను పెట్టి హోటల్లోకి వెళ్లారు. నాలుగు చాయ్‌లు రెండు చేతుల్లో పట్టుకుని, ఒలకకుండా, రోడ్డు మీద చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ వచ్చారు. ముందు వాళ్లిద్దరికీ ఇచ్చి, వెనక్కి వచ్చి నాకొకటి అందించారు. మౌసీ చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, రేపటి బొమ్మలు ఇంతకన్నా పెద్దవి, ఈ తాళ్లకు ఆగవు అంది. సరే మౌసీ, పోతూ పోతూ కొనుక్కుందాం అన్నారు మావారు.