తనిఖీ నాటి మూడో మంచం

మొన్న మా పక్కింటావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు కొత్తగా తెరిచిన ఒక కాలేజీలో బీఎస్సీ నర్సింగు సీటిస్తామన్నారట, కానీ దానికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఇంకా రాలేదని ఎవరో చెప్పారట. "యూనివర్సిటీ పర్మిషన్ ఉండాదంట గదక్కా, పరీక్షలు పెట్టేదీ పట్టా ఇచ్చేదీ వాళ్లేనంట. మళ్లా ఈ కౌన్సిల్ దేనికి?" అని అడిగింది. పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే అయినా నర్సుగా పేరు నమోదు చేసేది కౌన్సిలేనని, అది ఒప్పుకోని కాలేజీలో చదివితే ఏ ఆసుపత్రీ ఉద్యోగం ఇవ్వదని వివరంగానే చెప్పి పంపాను. కానీ ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు ఒక మనిషి ఊపిరందక రొప్పుతున్న చప్పుడు వినిపిస్తుంది.

వేంపల్లె నుంచి నేనూ, బేతంచెర్ల నుంచి నా స్నేహితురాలూ కర్నూలు పొలిమేరలోని ఒక కొత్త కాలేజీలో ఒకే గదిలో ఉండి చదువుకునేవాళ్లం. ఆమె తండ్రి చిన్నప్పుడే పోతే, నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసే చిన్నాన్నే ఆమెను పెంచి చదివిస్తున్నాడు. చిచ్చా అని ఆమె పిలిచేది, ఆమెతో పాటు నేనూ అలాగే పిలిచేదాన్ని. వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తెచ్చేవాడు. రాతి దుమ్ము ఎన్నేళ్లుగా పీల్చాడో ఏమో, గేటు దగ్గర నుంచే దగ్గు వినిపించి మేం మెట్లు దిగేవాళ్లం.

యూనివర్సిటీ అనుబంధం మా కాలేజీకి మొదటే వచ్చింది గానీ, కౌన్సిల్ గుర్తింపు కావాలంటే సొంత ఆసుపత్రీ, అందులో రోగులూ ఉండాలి. ఆసుపత్రి అన్నది మాకు గోడ మీది బోర్డులోనే ఉండేది. తనిఖీకి వస్తున్నారనగా మంచాలు వచ్చాయి, తెల్ల దుప్పట్లు వచ్చాయి, ఆ ఉదయం బేతంచెర్ల నుంచి ఒక లారీలో కూలీలు వచ్చారు. ఒక్కొక్కరినీ మంచం ఎక్కించి, ఎవరికి ఏ జబ్బో చెప్పి, మమ్మల్ని పక్కన నిలబెట్టారు. మూడో మంచం మా ఇద్దరిదీ. దుప్పటి సర్దబోయిన నా స్నేహితురాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. పడుకున్నది చిచ్చా.

ఆమె నోరు తెరవబోతే ఆయన కళ్లతోనే వారించాడు. "మనుషులు తక్కువైతే మీ కాలేజీకి గుర్తింపు రాదన్నారు బేటీ, అందుకే వచ్చినా. ఈ పొద్దుకి నేను నీకేమీ కాను. నీ సదువు సూసుకో" అన్నాడు, మా ఇద్దరికి మాత్రమే వినపడేంత మెల్లగా.

కౌన్సిల్ నుంచి వచ్చిన పెద్ద మేడం గదిలో అడుగు పెట్టేసరికి ఆయన దగ్గును లోపలే అదిమి పట్టుకుని ఉన్నాడు. లారీ ప్రయాణమో, అలా బిగబట్టడమో తెలియదు, పెదవులు నల్లబడ్డాయి, పక్కటెముకలు ఎగసిపడసాగాయి. నేను ఆక్సిజన్ సిలిండరు దగ్గరికి పరిగెత్తి తిప్పితే అందులో గాలి లేదు. కొత్తగా రంగు వేసి నిలబెట్టారంతే. ఆయన బాగా నటిస్తున్నాడనుకుని మా ప్రిన్సిపాల్, కౌన్సిల్ మేడం వైపు తిరిగి నవ్వింది కూడా.

అప్పుడు నా స్నేహితురాలు మేడం చెయ్యి పట్టుకుంది. "ఈయన మా చిచ్చా మేడం. పేషెంటని తెచ్చి పండబెట్టినారు గానీ, నిజంగానే ఊపిరాడడం ల్యా. ఈడ ఏమీ ల్యాదు. పెద్దాసుపత్రికి తీసుకపోదాం" అంది. ఆ మాటతో తన చదువు, మా అందరి చదువు పోతుందని ఆమెకు తెలుసు. మేడం వెంటనే తన జీపులోనే ఆయన్ను ఎక్కించింది, మేమిద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఊళ్లోకి చేరకముందే నా భుజం మీద ఆయన తల బరువెక్కింది.

గుర్తింపు రాలేదు. యూనివర్సిటీ ఒప్పుకున్న కోర్సును కాదనడానికి కౌన్సిల్ ఎవరని యాజమాన్యం కోర్టుకెళ్లింది, ఓడిపోయింది, మా చదువు గాలిలో కలిసింది. నువ్వు నోరు మెదపకుండా ఉంటే అందరం నర్సులమయ్యేవాళ్లం అని తోటి పిల్లలు కొందరు ఆమె ముఖం మీదే అన్నారు. ఆమె పెట్టె సర్దుకుని బేతంచెర్ల వెళ్లిపోయింది. మరుసటేడు నేను కడపలో మరో కాలేజీలో మళ్లీ మొదటి నుంచి చేరిన కొన్నాళ్లకు, చిచ్చా భార్యే ఆమెను స్వయంగా తీసుకొచ్చి మా హాస్టల్లో దింపింది. "ఆయప్ప దీనికోసరమే వచ్చె గదమ్మా, నడమ ఇడిసిపెడితే ఎట్ల?" అంది నాతో. నా స్నేహితురాలు చదువు ముగించి, రిటైరయ్యేదాకా ఛాతీ జబ్బుల వార్డులోనే కావాలని పనిచేసింది. ఇప్పటికీ ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం, ఆ రోజు మాట మాత్రం ఇద్దరమూ ఎత్తం.

నేను నర్సింగు టీచరునయ్యాక కౌన్సిల్ బృందాలతో తనిఖీలకు నేనూ వెళ్లాను. ఇప్పుడు ఫోటోలు, వేలిముద్రలు, కెమెరాలు వచ్చాయి, అంతా పక్కాగా ఉంటుందంటారు. చివరిసారి వెళ్లినచోట ఒక నడివయసు ఆవిడ మంచం పక్కన ఆగి అలవాటుగా మణికట్టు పట్టుకున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది, నాడి నిబ్బరంగా కొట్టుకుంటోంది. "సాయంత్రం బస్సుకన్నా ఇడుస్తారామ్మా?" అని ఆమె గుసగుసగా అడిగింది. ఆ కాలేజీకి గుర్తింపు ఇవ్వవద్దనే రాశాను. కానీ ఆమెకు జబ్బేమీ లేదని తెలిసిన ఆ క్షణంలో నాకు ముందుగా కోపం రాలేదు, ప్రాణం కుదుటపడింది. చెయ్యి వదలబుద్ధి కాక అలాగే కాసేపు నిలబడ్డాను.