నేను తోమిన పిస్తోలు

నా చిన్నప్పుడు లక్సెట్టిపేటలో నా అంత బాగ సామాను తోమే పిల్ల ఇంకొకతి లేదని ఇప్పటికీ గొప్పగ చెప్పుకుంట. మా తాతది పాత ఇత్తడి, ఇనుప సామాన్ల దుకాణం. నల్లబడ్డ బిందె నా చేతికిస్తే పొద్దుగూకేసరికి దాంట్ల ముఖం చూసుకోవచ్చు. మనిషిని చూసి ధర చెప్పుడు కూడ నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది. అసొంటి నేను ఒకనాడు ఒక పిస్తోలు తోమిన. అంత బాగ నా జన్మల ఇంకేదీ తోమలే.

పోలీసు యాక్షన్ అయి అప్పటికి కొన్నేండ్లయింది. పాత ఇనుము అమ్మేటాయన ఒకడు గోనెసంచిల నుంచి దాన్ని తీసిండు. నిజాం ఫౌజుది. ఏటి ఒడ్డున చచ్చిపడ్డ జవాను దగ్గర దొరికిందని చెప్పిండు. గొట్టంల సీసం పోసి మూసిన్రు, ఇంక పేలేది కాదు. మీద ఎవరో నల్లరంగు పూసిన్రు. గోడకు తగిలించుకునే దొరలుంటరని తాత కొన్నడు. ఆయన సంతకు పోయిన పూట, ఆ రంగు గీకితే ధర పెరుగుతదని నాకు తోచింది. సానకాగితం పట్టి, నూనె వేసి, గీత కనవడకుండ రుద్దిన. పక్కకు చిన్న అంకెలేవో ఉండె. నా కంటికి అవి కూడ మచ్చలే.

తెల్లారి పిస్తోలు సంగతి విని పక్కింటి అక్క వచ్చింది. ఆమె పెనిమిటి ఫౌజుల జమేదారు. ఆ గడబిడల పోయినోడు మల్ల రాలే. లేడని తేలితే ఆమెకు మారుమనువు చేస్తమని అత్తమామలే ముందుకొచ్చిన్రు. మగ్గం నేసే ఒకాయన అడుగుతుండె. కులపెద్దలు మాత్రం గుర్తు కావాలన్నరు. అక్క దగ్గర ఉన్న గుర్తు ఒక్కటే. పెనిమిటి సెలవు మీద వచ్చినప్పుడల్లా తన పిస్తోలు నంబరు పాట లెక్క చదివేటోడట, మరిచిపోతే ఫౌజుల శిక్షట. మూడు, ఎనిమిది, ఆరు, తొమ్మిది. చదువు రాని అక్క నోటికి అది అంటుకపోయింది.

తాత పిస్తోలును వెలుగుకు పెట్టి చూసిండు. తర్వాత నా దిక్కు చూసిండు. సుద్దపొడి తెచ్చి రుద్ది, ఊది, మల్ల రుద్దిండు. తెల్లగ నాలుగు వంకరలు తేలినయి. మూడో, ఎనిమిదో, ఆరో, సున్నానో, ఏదీ తేల్చి చెప్పలేం.

"ఏదో ఒకటి చెప్పు మామా, గాయనదేనా?"

"తెల్వదు బిడ్డా."

"బేరం కాడ ఇన్ని మాటలు చెప్తవు, గీ ఒక్క మాట చెప్పరాదా?"

తాత తల వంచుకున్నడు. "ధర కోసమైతే ఎన్నన్న చెప్త. ఇది ధర కాదు బిడ్డా" అన్నడు. ముందటోళ్లే నంబరు గీకేసిన్రని ఒక్క అబద్ధం మాత్రం చెప్పిండు. అది నా కోసం. ఆ పిస్తోలును దొరకు అమ్మలే. తీసుకపోయి ఏట్ల ఇడిచి వచ్చిండు.

మగ్గం నేసే ఆయన కొన్నాళ్లు చూసి వేరే పెండ్లి చేసుకున్నడు. అక్క బొట్టుతోని, గాజులతోని ముసలిదైంది. నేను పిల్లల తల్లినైనంక, ధైర్యం చేసి ఆమె ముందు కూసున్న. నేనే గీకిన అని చెప్పిన. బీడీలు చుడుతున్న అక్క తల ఎత్తలే.

"నాకు ఆనాడే ఎరుకే పిల్లా. నీ గోర్లల్ల నల్లరంగు కనవడ్డది."

"మరి అడగకపోతివి?"

"అడిగితే నంబరు మల్లొస్తదా? మీ తాత నిన్ను దాసుకుంటుండె. దాసుకోనీ అనుకున్న."

ఇప్పుడు దుకాణం నాది. ఏ పాత బిందె వచ్చినా తోమక ముందు తిప్పి, దాని మీద కొట్టించిన పేరు చదివి, వీళ్లెవరని అడుగుత. అమ్మనీకి వచ్చినోళ్లు నవ్వుతరు, నవ్వనీ.

ఉన్న లెక్క చెప్తున్న. నాకొచ్చింది ఒక పూట మెరుపు. అక్కకు పోయింది కడుపార ఏడ్చి లేచే ఒక రోజు, ఆ తర్వాత ఉండాల్సిన బతుకు. ఆ నంబరు ఆయనది కాకపోయి ఉండొచ్చు కూడ. ఆ మాట అడ్డం పెట్టుకొని లెక్క తగ్గించుకోవాలని ఎన్నోసార్లు చూసిన, తగ్గలే. అయినా కాకున్నా, అది తెలుసుకోవాల్సింది అక్క. నేను రుద్దేసింది దాన్నే.